'తో' విభక్తి

"మాట ముందు 'డేర్' ఉంటే మగ, 'డీ' ఉంటే ఆడ. అంతే ఆంటీ, ఫికర్ చేయకండి" అంది మొదటి క్లాసులో మా జర్మన్ టీచరు ప్రిస్కిల్లా. నల్లగండ్లలో ఆమె దగ్గర నేర్చుకుంటున్నాను. పరీక్ష పాసైతేనే మ్యూనిక్‌లో ఉన్న మావారి దగ్గరికి వెళ్లడానికి వీసా ఇస్తారు.

ఆయన అక్కడ అలెక్స్ అనే కొలీగ్‌తో కలిసి ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఆ పేరు ఆడవాళ్లకీ ఉంటుందని తెలిసి కాస్త కలవరపడ్డాను. అక్కడివాళ్లు మనుషుల పేర్ల ముందు కూడా ఈ డేర్, డీ పెడతారట. మొన్న ఆదివారం వీడియో కాల్ మధ్యలో ఆయన పక్కింటావిడతో "మిట్ డేర్ అలెక్స్" అనడం విన్నాను. డేర్ అనగానే మనసు కుదుటపడింది.

ఈరోజు ప్రిస్కిల్లా విభక్తులు మొదలుపెట్టింది.

"మనం 'తో' పేరు తర్వాత పెడతం, వాళ్లు 'మిట్' ముందు పెడతరు. మిట్ రాగానే అంతా మారిపోతది. మగకి 'డేమ్', ఆడకి 'డేర్'."

"డేర్ మగవాళ్లకి కదమ్మా?"

"మిట్ లేనప్పుడు ఆంటీ. గదే తిరకాసు! ఏదీ, ఒక వాక్యం చెప్పండి."

మావారు అలెక్స్‌తో ఉంటున్నారని జర్మన్‌లో చెప్పాను. మిట్ డేర్ అలెక్స్ అనే అన్నాను.

"అలెక్స్ మగాయనైతే డేమ్ అనాలె ఆంటీ."

"మగాయన కాదమ్మా."

"అయితే కరెక్టే! ఇగ మీకు వీసా వచ్చినట్టే" అంటూ చప్పట్లు కొట్టింది. క్లాసంతా కొట్టింది.

వాళ్లతో పాటు నేనూ కొట్టాను.