పసుపు కోటావిడ

"ఇక్కడ! ఇటు చూడండి!"

సెరైనా గొంతు చించుకుని అరిచింది. ఎడమ చెయ్యి ఆకాశంలోకి చాచింది.

గస్తీకి వచ్చిన రెస్క్యూ హెలికాప్టర్ ఆమె నెత్తి మీద ఒక చుట్టు తిరిగింది. ఆగినట్టే ఆగింది. అంతలోనే ముక్కు తిప్పుకుని లోయ వైపు వెళ్ళిపోయింది.



"అక్కా, వచ్చారా?" మంచు పగులు లోపలి నుంచి తమ్ముడు ఫ్లూరిన్ గొంతు సన్నగా వినిపించింది. వాడు తాడు చివర వేలాడుతున్నాడు. వాడి కింద చీకటి తప్ప మరేమీ లేదు.

"వచ్చారు... వెళ్ళిపోయారు."

"జోకులెయ్యకు. చలికి నవ్వు కూడా రావట్లేదు."

జోకు కాదని చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తాడు ఆమె నడుం చుట్టూ తిరిగి కుడి తుంటి పక్కన పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి సడలితే తమ్ముడు లేడు. కట్టెయ్యడానికి దగ్గర్లో రాయి లేదు. మంచు గొడ్డలి ఎప్పుడో వాడితోపాటే పగులులోకి జారిపోయింది. మడమలు మంచులో గుచ్చి, వెనక్కి వాలి నిలబడింది. మడమల కింద మంచు కొంచెం కొంచెంగా నలుగుతోంది.

"ఆ టోపీ కోసం దిగమని నీకెవరు చెప్పార్రా?"

"ఆవిడ ఏడుపు మొహం పెట్టిందక్కా. టోపీ నా జేబులోనే ఉందిలే. నేను పోయినా అది మాత్రం జాగ్రత్తగా అప్పజెప్పు."

"నోరు ముయ్యి!"

టోపీ గుర్తు రాగానే సెరైనా ఎదురుగా వ్యూపాయింట్ వైపు చూసింది. ఈ దేశంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందు వచ్చి నిలబడేది ఆ రెయిలింగ్ దగ్గరే. ఇప్పుడూ జనం కిక్కిరిసి ఉన్నారు. అందరికంటే ముందు పసుపు కోటావిడ ఉంది. టోపీ ఆవిడదే. ఒక చేత్తో ఫోను పైకెత్తి పట్టుకుంది. రెండో చెయ్యి కోటు జేబులో ఉంది.

ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి!

పొద్దున్నే కేబుల్ కారు ఎక్కించే ముందు ఆవిడకు చెప్పింది. గైడుగా ప్రతి గుంపుకూ చెబుతుంది. 'ఇక్కడ హెలికాప్టర్‌కి మాటలు వినిపించవు. రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలని. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే అక్కర్లేదు, వెళ్ళిపొమ్మని. గుర్తుపెట్టుకోండి, ప్రాణాలు పోతాయి.' అందరూ స్కూలు పిల్లల్లా చేతులెత్తి చూపించారు. పసుపు కోటావిడైతే నవ్వుతూ రెండుసార్లు చేసింది కూడా.

"ఫోటోల పిచ్చిదానా! వాళ్ళని వెనక్కి పంపేశావు కదే!"

మాట గాలికి కొట్టుకుపోయింది. అవతల ఆవిడ ఫోను వదిలేసి ఇప్పుడు రెండు చేతులూ ఎగరేస్తూ గంతులు వేస్తోంది. సెరైనా వైపు వేలు చూపిస్తోంది, మళ్ళీ చేతులెత్తుతోంది. పక్కవాళ్ళ భుజాలు పట్టి కుదుపుతోంది.

"అక్కా..." ఫ్లూరిన్ గొంతులో హాస్యం పోయింది. "చేతులు తెలియట్లేదు. నిద్రొస్తోంది."

"పడుకున్నావంటే చంపేస్తా! మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడరా!"

తాడు కొసన కదలిక ఆగిపోయింది.

కుడి మడమ కింద మంచు పెళుక్కున విరిగింది. సెరైనా మోకాలి మీద కూలబడింది. తాడు పిడికిట్లోంచి బారెడు జారి, చర్మాన్ని ఒలుచుకుంటూ పోయింది. ఆమె పళ్ళు బిగబట్టి ఆపింది. పగులు అంచు అడుగు దూరంలో ఉంది. తాడు వదిలేస్తే తను బతుకుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే పిడికిలి ఇంకా బిగించింది.

"ఫ్లూరిన్! ఒరేయ్!"

అప్పుడు కనిపించింది. వ్యూపాయింట్ మీద ఫోను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. రెయిలింగ్ పొడవునా జనమంతా రెండు చేతులూ పైకెత్తి, కదలకుండా, రాతిబొమ్మల్లా నిలబడి ఉన్నారు. మధ్యలో పసుపు కోటు.

లోయలోంచి రెక్కల మోత మళ్ళీ పైకి లేచింది.

---

ఫ్లూరిన్‌ని వ్యూపాయింట్ మీద దింపేసరికి వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి మాత్రం ఆడుతోంది. డాక్టరు దుప్పట్లు చుడుతుంటే కళ్ళు తెరిచి, జేబు వైపు చూపించి ఏదో గొణిగాడు.

సెరైనా ఆ టోపీ లాగి తీసుకుంది. తిన్నగా వెళ్ళి పసుపు కోటావిడ మొహాన కొట్టినంత పని చేసింది.

"ఇదిగో నీ టోపీ! దీనికోసం ఒకసారి, నీ ఫోటో కోసం ఇంకోసారి చంపబోయావు మా వాణ్ణి! పొద్దున చెప్పింది ఏ చెవితో విన్నావు?"

ఆవిడ ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. సెరైనా కుడి చేతిని చూపించి ఏదో చెప్పబోయింది. 

"ఆవిణ్ణి వదిలెయ్." పైలట్ గౌడెంజ్ హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "ఈ రెయిలింగ్ దగ్గర రోజంతా ఎవరో ఒకరు చేతులూపుతూనే ఉంటారు. టూరిస్టు సైగ చూసి నేనెప్పుడైనా వెనక్కి పోయానా?"

"మరి ఎవరిని చూసి పోయావు?"

"పగులు లోపల వాడున్నాడని నాకు తెలియదు. మంచు మీద ఒక్క మనిషే కనిపించింది. ఎడమ చెయ్యి పైకి, కుడి చెయ్యి కిందికి. వేరే ఎవరైనా అయితే ఇంకో చుట్టు తిరిగి చూసేవాణ్ణే." గౌడెంజ్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "కానీ ఆ సైగ ఊరంతటికీ నేర్పేదానివి నువ్వు. నన్ను వెళ్ళిపొమ్మన్నది నువ్వే, సెరైనా."