చెక్కుల ఇన్నయ్య

ఇన్నయ్య పెన్షన్‌కు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లోకి కంప్యూటర్ వచ్చింది.

"వచ్చే నెల నుంచి చెక్కులు ఉండవు. దుకాణాలవాళ్ల డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాల్లో పడుతుంది" అన్నాడు ఆఫీసరు సామ్యేలు. "ఇన్నయ్యా! తార్నాకలో మనకు సరుకులిచ్చేవాళ్లు ఇరవై రెండు మంది. అందరిచేతా ఈ ఫారాలు నింపించి, సంతకాలు పెట్టించి తీసుకురా. నెలాఖరులోగా."

సెక్షనంతా ఇన్నయ్య వైపు జాలిగా చూసింది. పదిహేడేళ్లుగా ఆ చెక్కులు పంచుతున్న అటెండరు అతనే. అందరూ పిలిచేదే చెక్కుల ఇన్నయ్య అని. చెక్కులే లేకపోతే ఇన్నయ్యతో ఏం పని?

పైగా అతని నెత్తిమీద ఒక మెమో ఉంది. గత నెల ల్యాబ్ సామాన్ల దుకాణానికి చేరాల్సిన చెక్కును ప్రింటింగ్ ప్రెస్సులో ఇచ్చి వచ్చాడు. ఇంకొక్కసారి అలా జరిగితే ఉద్యోగం ఉండదని సామ్యేలు రాతపూర్వకంగా హెచ్చరించాడు. పాపం, ఆ రోజు చెక్కులు రాసే కృపారాణి సెలవులో ఉంది. ఆమె అయితే ఇన్నయ్య నడిచే దారి ప్రకారం, ఏ దుకాణం ముందొస్తే ఆ చెక్కు పైన ఉండేట్టు సర్ది ఇస్తుంది. "తొవ్వ వరుస తప్పొద్దు బిడ్డా" అని ఇన్నయ్య ఆమెకు ప్రతి నెలా గుర్తుచేస్తాడు కూడా.

"నీ గొయ్యి నీతోనే తవ్విస్తున్నరు కాకా" అంది కృపారాణి, ఫారాల కట్ట చేతికిస్తూ.

"తవ్వుత తియ్ బిడ్డా. గట్టినేల తగిల్తే పిలుస్తా, పలుగు పట్టుకొని రా."

ఇన్నయ్య సైకిలు పట్టుకుని నడుచుకుంటూ బయలుదేరాడు. తార్నాక చౌరస్తాలో పాన్‌డబ్బా దానియేలు ఎప్పటిలాగే ఆపాడు.

"సైకిలున్నది గదనే! ఎక్కి తొక్కవేంది?"

"గాలి లేదు."

"రెండేండ్ల సంది గదే మాట!"

"మనిషికే గాలి తగ్గుతుంటే సైకిలుకు ఏడికెల్లి తేవాలె?"

ఎవరైనా తన పొట్ట కొట్టే పనిని ఈడ్చుకుంటూ చేస్తారు. ఇన్నయ్య మాత్రం పెళ్లి శుభలేఖలు పంచినట్టు పంచాడు. ప్రతి దుకాణంలో కూర్చుని, ఫారం వాళ్లచేతనే పైకి చదివించాడు. "గట్టిగ చదువు. రేపు ఇన్నయ్య మోసం జేసిండు అనొద్దు." పది రోజుల్లో ఇరవై ఒక్క ఫారాలు వచ్చేశాయి.

ప్రింటింగ్ ప్రెస్సు పరశురాం ఒక్కడే మిగిలాడు. రెండుసార్లు టీ తాగించి పంపేశాడు. మూడోసారి ఇన్నయ్య వెళ్లేసరికి మిషన్ దడదడలాడుతోంది. సిరా వాసన గుమ్మం దాకా వస్తోంది.

"చెక్కంటే కండ్లకు కనబడ్తది" అన్నాడు పరశురాం. "గీ కంప్యూటర్ పైసలు ఏడ కనబడ్తయ్?"

"కనబడకుంటే లేనట్టేనా? దేవుడు కనబడ్తుండా నీకు? పొద్దుగాల్నే అగర్‌బత్తి ముట్టించినవ్ గద!"

"దేవుని మీద నమ్మకమున్నదే. బ్యాంకోళ్ల మీదనే లేదు."

"మరి నా మీద?"

పరశురాం మిషన్ ఆపేశాడు.

"నిజం చెప్పాల్నా ఇన్నయ్యా? నీ కోసమే ఆపిన. కూసున్న కొమ్మను నరుక్కుంటున్నవ్. నేనొక్కన్ని సంతకం పెట్టకుంటే నా ఒక్క చెక్కన్న మిగుల్తది. దానికోసమన్న నిన్ను ఉంచుకుంటరు. పెన్షన్ దాక ఎల్లిపోతది."

ఇన్నయ్య తడిమి, పరశురాం చేయి పట్టుకున్నాడు.

"గంత దయ జూపకు పరశురాం. నీకు పుణ్యముంటది. సంతకం పెట్టు."

"నీకు పిచ్చి పట్టిందే! సరే, ఏడ పెట్టాలె?"

"ఊరందరి పేర్లు అచ్చేసెటోనివి, నీ పేరు ఏడ రాయాల్నో నన్నడుగుతవా? నువ్వే చూస్కో."

పరశురాం సంతకం పెట్టాడు. ఖాతా నంబరు కోసం ఫారంతో జతచేయడానికి తన చెక్కుబుక్కులోంచి ఒక చెక్కు చింపి, దానిమీద అడ్డంగా రెండు గీతలు గీసి, బంగారంలాంటి చెక్కు ఖరాబు చేయించావని నాలుగు తిట్లు కూడా కలిపి ఇచ్చాడు. ఇన్నయ్య అన్నీ సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు సామ్యేలు ఫారాలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

"ఏడుస్తూ తెస్తావనుకున్నాను. ఎగురుకుంటూ తెచ్చావే! మొన్న వరండాలో ఎదురొచ్చినా పలకరించకపోతే, మెమో ఇచ్చానని కోపమనుకున్నా."

"మీ మీద కోపమేంది సార్! ఏదో ఆలోచనల ఉంటి."

సామ్యేలు సొరుగులోంచి నల్లటి చదరపు బిళ్ల తీశాడు.

"దీన్ని ఫ్లాపీ అంటారు. ఇరవై రెండు మంది లెక్కా ఇందులోనే ఉంటుంది. నెలకోసారి దీన్ని పట్టుకెళ్లి పక్కనున్న బ్యాంకులో ఇచ్చి రావాలి. నిన్నెక్కడికో పంపేస్తానని అందరూ భయపెట్టారట కదా! నువ్వు రిటైరయ్యేదాకా ఇదే నీ పని."

కృపారాణి కళ్లు తుడుచుకుంది. "తార్నాకంత తిరిగిన మనిషివి. గీ ఒక్క ముక్క మోస్కుంట కూసుంటవా కాకా?"

ఇన్నయ్య ఫ్లాపీని అందుకుని, బొటనవేలితో అంచులు మెల్లగా నిమిరాడు.

ఇక చూపు రాదని కంటి డాక్టరు చేతులెత్తేసిన రెండేళ్లకు, ఎవరి పేరూ చదవనక్కర్లేని పని అతనికి దొరికింది.