గీత మీద చుక్కలు

"ఇంకో చుక్క పడిందా అమ్మా?" దశరథరామయ్య మళ్లీ అడిగాడు.

తిరువూరు నీటిపారుదల ఆఫీసు గదిలో అనూహ్య కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. వాగుకు ఎంత నీరొస్తుందో ముందే చెప్పే మోడల్ ఆమె తయారుచేసిందే. తెర మీద గ్రాఫులో అడ్డంగా ఆ మోడల్ అంచనా. నిలువుగా, ఎగువన కొలబద్ద చూసి ఆఫీసు కుర్రాడు కిరీటి పంపే నీటిమట్టం. రెండూ కలిస్తే చుక్క ఏటవాలు గీత మీద పడుతుంది. కలవకపోతే పక్కకు పోతుంది.

కిందటేడు చుక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆమె మాట విని దారి మూయిస్తే వరద రానే లేదు. ఊళ్లవాళ్లు పై అధికారి దశరథరామయ్యను తిట్టిపోశారు.

ఫోన్ మోగింది. అంబులెన్సులోంచి నర్సు గ్లోరి.

"మేడం, వినగడప దగ్గర వాగు మీది చప్టా ముందు ఆగామండి. సాయిదుర్గకి నొప్పులు ఎక్కువయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాల్సిందే. చప్టా మీద పాదాలు మునిగేంత నీళ్లే ఉన్నాయి. వచ్చేయమంటారా?"

"ఆగండి. పైనుంచి ఒక్కసారిగా వస్తే బండి నిలవదు."

"చుట్టూ తిరిగొచ్చేంత టైం లేదండీ!"

కిరీటి మెసేజ్ వచ్చింది. అనూహ్య ఆ అంకె కొట్టింది. చుక్క గీతను ఆనుకుని పడింది. అంతకుముందువీ అలాగే ఉన్నాయి.

"మోడల్ ఏమంటోంది?" అడిగాడు దశరథరామయ్య.

"ఈ పూట వాగు పెరగదంటోంది సార్."

"కిందటేడూ ఏదో ఒకటి అంది కదమ్మా!"

"అప్పుడు చుక్కలు కలవలేదు సార్. ఇప్పుడు చూడండి."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. నుదురు తుడుచుకున్నాడు.

"సరే, చెప్పు. తల్లీబిడ్డల ప్రాణం, ఆలోచించి చెప్పు."

అనూహ్య ఫోన్ చెవికి ఆనించుకుంది.

"రండి గ్లోరి గారూ."

బండి కదిలిన చప్పుడు, సాయిదుర్గ మూలుగు కలిసి వినిపించాయి. "చప్టా మీదికి దిగాం మేడం," అంది గ్లోరి. అంతలో లైను తెగిపోయింది.

అనూహ్యకు కూర్చోబుద్ధి కాలేదు. కిరీటికి ఫోన్ చేసింది.

"ఇంత వానలో కొలబద్ద దగ్గరే నిలబడ్డావు, చాలా థాంక్స్ కిరీటీ. అంబులెన్సు దాటుతోంది. నీళ్లెలా ఉన్నాయో ఇంకోసారి చూసి చెప్పవా?"

అవతల కిరీటి గొంతు తగ్గించాడు.

"నేను వాగు దగ్గరికి వెళ్లలేదు మేడం, మీరు గ్రూపులో పెట్టిన అంచనాలే కాస్త అటూ ఇటూ మార్చి పంపించా."