రెండు అంగుళాల పంతం

“జరుగయ్యా, బోల్టు బిగియ్యాలె.”

లిఫ్టు ఫిట్టరు రంగా రెండోసారి చెప్పాడు. అమరప్ప కదల్లేదు.

నేల మీద పరిచిన ఇనుప పలకపై రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. బండల్లాంటి భుజాలు, మెడలో ఎర్ర తువాలు.

“దీని తలుపు సిన్నగైతది. కుర్చీ పట్టదు,” అన్నాడు.

రాయచూరు బజారులో ఆ భవనం పాతది. దాని గోడలకు లిఫ్టు బరువు ఆనిస్తే పగుళ్లు వస్తాయని ఇంజనీరు చెప్పాడు. అందుకే గోడల సాయం లేకుండా, సొంత ఇనుప చట్రం మీద తనంతట తానే నిలబడే లిఫ్టు తెప్పించింది యజమానురాలు శ్యామలాదేవి. మెట్ల మధ్య ఖాళీలో దాన్ని పెట్టించే పని మరిది కొడుకు వాసుకు అప్పగించి, ఆమె కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్లింది.

వాసు ఆ పనిలోకి దిగి మూడు రోజులే. అమరప్ప ఎవరో ఆ పూటే తెలుసుకున్నాడు.

రెండో అంతస్తులో డాక్టరు భావన ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు వస్తారు. వాళ్లను వీపు మీద ఎక్కించుకుని నలభై రెండు మెట్లూ మోసేది అమరప్ప. పదేళ్లుగా అదే అతని కూడు.

లిఫ్టు వస్తే ఆ పని పోతుంది.

వాసుకు సంగతి అర్థమైపోయింది.

“ఏందయ్యా, నీ కడుపు కొడుతున్నమని అడ్డం వడ్డవా?”

“అట్ల కాదు సావుకారు. తలుపు ఇరవై నాలుగు అంగుళాలే. కుర్చీ ఇరవై ఆరు. కొలిసిన.”

“ఏం కుర్చీ?”

“పేషెంట్ల చక్రాల కుర్చీ.”

“దిగి నడుస్తరు తియ్.”

“నడిచేటోళ్లయితే నా వీపెందుకు ఎక్కుతరు?”

వాసుకు కోపం వచ్చింది.

“జరుగుతవా, గుంజమంటవా?”

“గుంజుండ్రి. మళ్ల వచ్చి నిలబడ్త.”

వాసు, రంగా కలిసి అతన్ని పక్కకు గుంజేశారు. అతను అన్నంత పనీ చేశాడు. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ అక్కడే ఉన్నాడు. రోగి వస్తే పైకి మోసుకెళ్లి దింపి, తిరిగొచ్చి నిలబడేవాడు. మూడు రోజులు పని సాగలేదు.

నాలుగో రోజు భావన కిందికి దిగి వచ్చింది. దగ్గరి పల్లె పోతనాళలో రైతుల అమ్మాయి. మెత్తగానే మాట్లాడింది.

“వాసుగారూ, ఆయన చెప్పింది నిజమేనండీ. నేనూ కొలిచాను. చక్రాల కుర్చీ పట్టకపోతే ఈ లిఫ్టు నా పేషెంట్లకి పనికిరాదు.”

రంగా టేపు పట్టి చూసి తల గోక్కున్నాడు.

“చట్రం జర జరిపితే ముప్పై రెండు అంగుళాల తలుపు పడ్తది సార్. కొత్తది రానీకి పదిహేను రోజులైతది.”

వాసు ఒప్పుకోక తప్పలేదు. కానీ అమరప్పను వదల్లేదు.

“పదిహేను రోజులు ఆపినవ్ కదా, ఖుషీయేనా? ఇగ ఈ మెట్ల కాడ కనవడొద్దు.”

అమరప్ప రంగా వైపు తిరిగాడు.

“పెద్ద తలుపు తప్పకుండ వస్తది కదా?”

రంగా తలూపాడు. అమరప్ప తువాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పదిహేను రోజులూ రోగులను వాళ్ల ఇంటివాళ్లే కుర్చీతో సహా పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ పైకి చేర్చారు.

లిఫ్టు మొదలుపెట్టే రోజు శ్యామలాదేవి బెంగళూరు నుంచి వచ్చింది.

తుంటి విరిగిన రామాబాయి చక్రాల కుర్చీలోనే లిఫ్టులోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. చట్రం కిర్రుమనలేదు, గోడ అదరలేదు. లిఫ్టు పైకి లేస్తుంటే రామాబాయి అద్దంలోంచి కిందివాళ్లకు చెయ్యి ఊపింది. అందరూ చప్పట్లు కొట్టారు.

శ్యామలాదేవి చుట్టూ చూసింది.

“అమరప్ప ఏడి రా?”

“ఆయనెందుకు పెద్దమ్మా? లిఫ్టు వద్దని అడ్డం నిలబడ్డడు. నేనే ఎల్లగొట్టిన. పని లేక ఊరిడిసి పోయిండంట. యాడికి పోయిండో ఎవ్వరికీ తెల్వదు.”

ఆమె వాసు వైపు తిరిగింది.

“వద్దన్నడా?” అంది. “మూడేండ్లు నెల తప్పకుండ నా ఇంటికొచ్చి, ‘నా వీపెక్కేటప్పుడు ఆడోళ్లు సిగ్గుతోటి కండ్లు మూసుకుంటున్నరమ్మా, లిఫ్టు పెట్టియ్యుండ్రి’ అని అడిగినోడు ఆయనొక్కడే రా.”