ఆరో సైకిల్

ఆదివారం ఉదయం 6.10. నర్సంపేట రోడ్డు మీద టీ కొట్టు ముందు ఆపిన సైకిల్ దగ్గర ఒక మనిషి పట్టుబడ్డాడు.

అతని చేతిలో పటకారు ఉంది. సైకిల్ ముందు చక్రాన్ని బిగించి ఉంచే లీవరు తెరిచి ఉంది.

సైకిల్ సుహాసినిది. ఆమె అరుపుకు టీ తాగుతున్న మిగతా ఐదుగురూ గ్లాసులు వదిలి వచ్చారు. ఆరుగురూ హనుమకొండ నుంచి ప్రతి ఆదివారం సాధనకు వచ్చేవాళ్లు.

వాళ్లలో ఒకడైన ఉపేందర్ ఆ మనిషి కాలరు పట్టుకున్నాడు.

"ఏం జేస్తానవ్ రా?"

"బిగిస్తాన బిడ్డా."

"మొన్న బాలసముద్రంల చక్రం పోయింది. గది గూడ బిగియ్యనీకే తీస్కపోయినవా?"

ఎవరో నవ్వారు.

"అన్నా, ఈయనే," అంది సుహాసిని. "పోయిన ఐతారం గూడ నా సైకిల్ కాడ్నే నిలవడ్డడు. చక్రం గురించి ఏందో చెప్పవట్టిండు."

"చెప్పిన. మీరు నవ్విండ్రు," అన్నాడు ఆ మనిషి.

టీ కొట్టు లక్ష్మీనర్సమ్మ కల్పించుకుంది.

"ఐదారు ఐతారాలసంది వస్తాండు కొడుకా. ఛాయ్ తాగుతడు, మీ సైకిళ్ల దిక్కు సూస్తడు. దొంగ లెక్కయితే లేడు."

"దొంగ లెక్క ఉంటే నీ బెంచీ మీద కూసోనిస్తవా అవ్వా?" అన్నాడు ఉపేందర్.

ఆ మనిషి సుహాసిని వైపు తిరిగాడు.

"బిడ్డా, ఆ చక్రానికి ఆపు లేదు. అంచులు గీకేసి ఉన్నయ్."

"తెలుసు. నేనే గీకిపిచ్చిన. మేమందరం గీకిపిచ్చినం."

ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు కొసలకు చిన్న అంచులు ఉంటాయి. లీవరు వదులైనా చక్రం వాటికి తగిలి ఆగుతుంది. అవి ఉంటే చక్రం తీయడానికి లీవరు ఎత్తాలి, ఆపైన నట్టును కొన్ని చుట్లు తిప్పాలి. లేకపోతే లీవరు ఎత్తితే చాలు, చక్రం వచ్చేస్తుంది. పోటీ మధ్యలో పంక్చరైతే అది కొన్ని సెకన్ల తేడా.

సుహాసినికి ఆ సెకన్లు కావాలి. రాష్ట్ర జట్టు ఎంపిక పదకొండు రోజుల్లో ఉంది. ఇరవై మూడేళ్లు నిండనివాళ్లకే అవకాశం. ఆమెకు జనవరిలో ఇరవై మూడు నిండుతాయి.

6.25కు హెడ్ కానిస్టేబుల్ సమద్ బైక్ మీద వచ్చాడు.

"పేరు?"

"కట్టయ్య."

"ఎక్కు."

కట్టయ్య సంచి భుజాన వేసుకుని బైక్ ఎక్కాడు. ఎక్కి వెనక్కి తిరిగాడు.

"నట్టు వదులున్నది బిడ్డా. లీవరు తిప్పద్దు, తిప్పితే బిగియది. మడువాలె."

"జర జల్ది తీస్కపోండ్రి సార్. క్లాసు చెప్తాండు," అన్నాడు ఉపేందర్.

సుహాసిని లీవరును నట్టు తిప్పినట్టు తిప్పింది. చేతికి గట్టిగా తగిలేదాకా తిప్పి వదిలేసింది. ఎప్పుడూ అలాగే చేసేది.

6.41కి అందరూ బయల్దేరారు.

6.52కు రోడ్డు మీద గుంత వచ్చింది. దాటడానికి ఆమె హ్యాండిల్ పైకి లాగింది. హ్యాండిల్ లేచింది. చక్రం రోడ్డు మీదే ఉండిపోయింది.

జట్టులోని రమేశ్ ఆమెతో అంబులెన్సు ఎక్కాడు. ఉపేందర్ సైకిల్ మీద స్టేషన్‌కు వెళ్లాడు.

7.40కి అతను లోపలికి వచ్చేసరికి కట్టయ్య బెంచీ మీద ఉన్నాడు. చూసి లేచాడు.

"పడ్డదా?"

"సూడుండ్రి సార్! పడ్తదని ఈనికి ముందుగాల్నే ఎరుక. ఈడే ఇప్పిండు. కేసు రాయుండ్రి."

ఉపేందర్ ఫోన్ మోగింది. రమేశ్.

"మెడ కింద ఎముక ఇరిగింది. మణికట్టు గూడ. ఆరు వారాలట."

"మరి సెలక్షన్?"

"ఇంకేం సెలక్షనన్నా."

సమద్ కట్టయ్య వైపు చూశాడు.

"ఇప్పినవా?"

"ఇప్పిన సార్. ఇప్పకుంటే వాషర్లు పట్టయి."

"ఏం వాషర్లు?"

కట్టయ్య సంచి ఇచ్చాడు. సమద్ దాన్ని బల్ల మీద బోర్లించాడు. రెండు ఇనుప వాషర్లు, మడిచిన కాగితం పడ్డాయి. ఒక్కో వాషరుకు ఒక కొక్కెం ఉంది.

"ఈ కొక్కెం ఫోర్కు బెజ్జంల పడ్తది," అన్నాడు కట్టయ్య. "లీవరు వదులైనా చక్రం ఊడదు. రేకు కోసి నేనే చేసిన."

"నీకెందుకు ఇదంత?"

"ఆ ఆరు సైకిళ్ల అంచులు గీకింది నేనే సార్. నేను పనిజేసిన సైకిల్ దుకాణం ఎనుక షెడ్డుల. సేటు గీకుమన్నడు, గీకిన. కొత్త సైకిల్ డబ్బాల ఒక కాయితం వస్తది. అంచులు ఎందుకుంటయో అండ్ల ఉన్నది. మా బిడ్డ సదివి చెప్పింది. అప్పటికే ఆరు అయినయ్. తెల్లారి నౌకరి ఇడిసిన."

"ఈళ్లకు చెప్తే అయిపోతుండె గదా?"

"చెప్పిన. ఇనలే. ఛాయ్ తాగేంత సేపట్ల ఒక్కటే అయితది సార్. ఐతారానికొకటి."

సమద్ కాగితం విప్పాడు. ఆరు సైకిళ్ల మీద అంటించిన నంబర్లు రాసి ఉన్నాయి. ఐదు కొట్టేసి ఉన్నాయి. మిగిలింది చివరిది.

"ఇది ఎవరిది?"

"సుహాసినిది," అన్నాడు ఉపేందర్.

కాగితం అందుకున్నాడు. మొదటి నంబరు దగ్గర అతని చూపు ఆగింది. కాగితం బల్ల మీద పెట్టి బయటికి వెళ్లాడు. గోడకు ఆనించిన తన సైకిల్ ముందు కూర్చున్నాడు.

ముందు చక్రానికి రెండు వైపులా కొక్కెం ఉన్న వాషర్లు ఉన్నాయి, తుప్పు పట్టి.