ఐదో డబ్బా

సినిమా మొదలవడానికి రెండు గంటల ముందు, ఆఖరి రీలు దొంగిలించాలని వెంకటరత్నం మాస్టారు నిర్ణయించుకున్నారు. అంతకన్నా మర్యాదైన దారి ఆయనకు తోచలేదు.

అది 1986. సినిమా ఏమో జపానుది, పాతది. ఊరూరా తిరిగే ఒక కత్తివీరుడి కథ. మాస్టారు దాని మీద ఏకంగా ఒక పుస్తకం రాశారు. బాపట్లలోనూ రేపల్లెలోనూ ఉపన్యాసాలిచ్చారు. సినిమా మాత్రం చూడలేదు. ఓ ఇంగ్లీషు పత్రికలో కథ దొరికింది గాని, చివరి పేజీ చిరిగిపోయి ఉంది. అందుకని ముగింపు తనే రాసేసుకున్నారు. వీరుడు కత్తిని ఏట్లో విసిరేసి, పొలంలోకి దిగి వరినాట్లు వేస్తాడు. సొంతూరు తెనాలి వాళ్ళకు ఆ ముగింపు తెగ నచ్చింది.

ఎవరూ చూసే వీల్లేని సినిమా కదా అని ఆయన ధైర్యం. తీరా సినిమా హాలు యజమాని, ఫిల్మ్ సొసైటీ అధ్యక్షుడు అయిన వెంకట్రామయ్యగారు దాన్ని మద్రాసు నుంచి తెప్పించారు. ఆదివారం పొద్దున ఆట, ఆట కాగానే మాస్టారికి సన్మానం. శాలువా కూడా కొన్నారు.

ఆపరేటరు యాకోబు ఐదు రీళ్ళ డబ్బాలూ వరసగా పెట్టి టిఫినుకు వెళ్ళాడు. మాస్టారు ఐదో నంబరు డబ్బాను సంచిలో వేసుకుని, పైన తన పుస్తకాలు నాలుగు కప్పి, స్కూటరు మీద ఇంటికెళ్ళి అటక మీద దాచి వచ్చారు.

నాలుగు రీళ్ళు బాగానే నడిచాయి. వీధిలో అటు పదిమంది, ఇటు వీరుడొక్కడు. కత్తి మీద చెయ్యి వేశాడు. బొమ్మ ఆగిపోయింది.

"ఐదో డబ్బా కనబడటం లేదండి," అన్నాడు యాకోబు.

"నిన్నటి నుంచి అవి ఎవరి దగ్గరున్నాయి?" అడిగారు వెంకట్రామయ్యగారు.

"నా దగ్గరేనండి."

"మరి రీలు నువ్వు తియ్యలేదా?"

యాకోబు తల దించుకున్నాడు.

"రేపట్నుంచి హాలుకి రావద్దు."

కాసేపయ్యాక మాస్టారు నోరు విప్పారు గాని, అది మిగతా కథ చెప్పడానికి. ఏరు, కత్తి, వరినాట్లు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు.

ఇంటికొచ్చాక ఆయనకు అన్నం సయించలేదు. యాకోబు పదేళ్ళుగా బొమ్మ వేస్తున్న మనిషి. దొంగన్న పేరొచ్చాక ఇంకే హాలువాడూ పనిలో పెట్టుకోడు. మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం డబ్బాను మళ్ళీ సంచిలో పెట్టుకుని, ఉన్నదున్నట్టు ఒప్పుకుందామని అంగలకుదురులో యాకోబు ఇంటికి వెళ్ళారు.

"యాకోబూ, ఆ రీలు..."

"మీకెట్టా తెలిసిందండి?" అంటూ యాకోబు మంచం కింది పెట్టె లాగి, అందులోంచి రీలు తీసి ఆయన ముందు పెట్టాడు. "నేనే తీశానండి. అందుకే పెద్దాయన అడిగితే కాదనలేకపోయా."

మాస్టారు సంచిని కాళ్ళ వెనక్కి జరుపుకున్నారు.

"అతుకులు ఊడాయేమోనని ముందురోజే రీళ్ళన్నీ తిప్పి చూస్తామండి. మీ పుస్తకం చదివినోణ్ణి గదా. ఈ సినిమాలో అసలు ఏరే లేదు మాస్టారూ. నలుగురిలో మీ పరువు పోతుందని ఇది దాచేశా."

"మరి... డబ్బాలో?"

"హాలు బీరువాలో సర్కారోళ్ళు రైతులకు చూపించే జపాను పద్ధతి వరినాట్ల రీలు పాతదొకటుంటే అందులో పెట్టానండి. అదే వేసేసి, మద్రాసోళ్ళు రీలు మార్చి పంపారని చెబితే మీ పరువూ దక్కేది, నా పనీ నిలిచేది. ఈలోపు ఎవడో దొంగవెధవ ఆ డబ్బా ఎత్తుకుపోయాడండి."