చెరువు మధ్యలో షికారు

షుగరు మూడొందలు దాటిందని డాక్టరు గారు నా ఫోన్లో ఒక గేమ్ వేయించారు. మనం వీధిలో నడిస్తే ఊరి మ్యాపు మీద మన బొమ్మ నడుస్తుంది. అదే గేమ్ ఆడేవాళ్లు పక్కకొస్తే వాళ్ల బొమ్మ కూడా కనిపిస్తుంది.

నేను దర్జీని. ముప్ఫై ఏళ్లుగా నా కాళ్లకు తెలిసింది మిషను తొక్కడమే. రెండు రోజులు తిరిగేసరికి మోకాళ్లు మొరాయించాయి. మా అమ్మాయి జాలిపడి, ఫోన్ గేములు కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్ పెట్టింది.

"ఈ బాణం గుర్తు బటన్ నొక్కు నాన్నా. నీ బొమ్మే నడుస్తుంది."

అప్పట్నుంచి కుర్చీ దిగకుండా, బిస్కెట్లు నములుతూ రోజూ ఊరు చుట్టొచ్చాను.

నెల తిరిగేసరికి షుగరు మూడొందల యాభై.

డాక్టరు గారు రిపోర్టు బల్ల మీద విసిరారు. "అసలు నడుస్తున్నారా?"

"గేమ్ చూడండి సార్. రోజూ పదివేల అడుగులు!"

"చూశాను మహానుభావా! నిన్న సాయంత్రం చెరువు నట్టనడుమ నడిచిపోతున్నారు. ఎవరి చెవిలో పువ్వులు పెడదామని?"

బటన్ మీద వేలుంచి కునుకు తీశానన్నమాట! అంతలోనే ఇంకో సంగతి తట్టింది.

"పక్కనుంటేనే కదండీ బొమ్మ కనిపించేది? మరి మీరెక్కడున్నారు?"

డాక్టరు గారు లేచి వెళ్లి తలుపు గడియ పెట్టారు. గొంతు బాగా తగ్గించారు.

"నన్ను దాటుకుని పోయారు. అంత స్పీడుకి ఏ బటన్ నొక్కాలి?"